మెరిసే టైరును నమ్మితే మోసమే! ఎండన నిలిచే బండికి నీడే మందు

భానూర్ : ఏటా మే 9, 10 తేదీల ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 2, 3 తేదీల ప్రాంతంలో మరోసారి భానూర్ పరిసరాల్లో సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు. ఆ రోజు మిట్టమధ్యాహ్నం నిలువుగా పాతిన కర్రకు నీడ పడదు. కర్రకే నీడ లేని చోట రోడ్డు వారన నిలిపిన కారుకు నీడ ఎక్కడిది?

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, ఇస్నాపూర్, భానూర్, ఎద్దుమైలారం... ఈ పారిశ్రామిక వాడల్లో పగటి షిఫ్టుకు వచ్చేవారి బండి ఎనిమిది గంటల పాటు ఒకే చోట నిలబడుతుంది. ఏడాదికి 300 పనిదినాలు లెక్క వేసుకున్నా 2,400 గంటలు. ఆరుబయట నిలిపితే ఇందులో చాలా భాగం ఎండలోనే గడుస్తుంది. అప్పు చేసి కొన్న కారుకు ఇంజను ఆయిలు మార్చడం ఎవరూ మరువరు. సీటు మీది రెగ్జిను, తోలు, తలుపుల చుట్టూ వుండే రబ్బరు బీడింగు, టైరు పక్కగోడ మాత్రం ఎవరికీ పట్టవు. అవి బీటలు వారిన తర్వాతగానీ కంటికి ఆనవు. సీటు చిరిగితే పోయేది డబ్బే. టైరు పగిలితే ప్రాణానికే ముప్పు.

పొయ్యి మీద పెట్టినట్టే

నిలిపిన కారులో వేడి ఎంతకు పోతుందో 2018లో అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రంలో పరిశోధకులు కొలిచి చూశారు. మన ఎండాకాలం లాంటి ఎండలోనే ఈ ప్రయోగం జరిగింది. ఎండన గంటసేపు నిలిపిన కార్లలో గాలి వేడి సగటున 47 డిగ్రీల సెల్సియస్‌కు చేరగా, స్టీరింగు 53, సీటు 51, డాష్‌బోర్డు 69 డిగ్రీలకు చేరాయి. నీడన నిలిపిన కార్లలో డాష్‌బోర్డు 48 డిగ్రీల దగ్గరే ఆగింది. అంటే ఒక్క నీడ వల్ల డాష్‌బోర్డుకు 21 డిగ్రీల వేడి తప్పింది.

ఈ తేడా చిన్నది కాదు. వేడి పది డిగ్రీలు పెరిగితే రసాయనిక మార్పుల వేగం స్థూలంగా రెట్టింపు అవుతుందని రసాయన శాస్త్రం చెబుతుంది. ఆ లెక్కన ఎండలోని డాష్‌బోర్డు నీడలోని దానికంటే నాలుగు రెట్లు తొందరగా ముసలిదవుతుంది.

అద్దాలు వేలెడు కిందికి దించి వుంచితే వేడి బయటికి పోతుందని చాలామంది నమ్మకం. 2005లో స్టాన్‌ఫర్డ్ వైద్యులు చేసిన పరీక్షలో దానివల్ల చెప్పుకోదగిన ప్రయోజనం కనిపించలేదు. పెరిగే వేడిలో 80 శాతం మొదటి అరగంటలోనే పెరుగుతుందని కూడా అందులో తేలింది. పిల్లలను కారులో వుంచి 'ఐదు నిమిషాల్లో వస్తాం' అని తాళం వేసి పోయే తల్లిదండ్రులు ఈ మాట గుర్తుంచుకోవాలి.

రెగ్జిను ఎందుకు పెళుసవుతుంది?

జనం వాడుకలో రెగ్జిను అనే సరుకు నేడు ఎక్కువగా పి.వి.సి. పూత పూసిన గుడ్డ. పి.వి.సి. పుట్టుకతో గట్టిది. నీళ్ళ పైపులు చేసేదీ దానితోనే. 1926లో అమెరికాలో వాల్డో సెమన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు కొన్ని నూనెలాంటి ద్రవాలు కలిపి దానిని మెత్తబరిచే మార్గం కనిపెట్టాడు. ఆటో టాపు, మోటారు సైకిలు సీటు, కారు సీటు కవరు మెత్తగా వంగుతున్నాయంటే ఆ ద్రవాల చలవే.

కాగా, వేడికి ఆ ద్రవం కొద్దికొద్దిగా పైకి వచ్చి ఆవిరైపోతుంది. కొత్త కారు ముందు అద్దం లోపలివైపున సన్నటి జిడ్డు పొర కడుతుంది చూడండి, అందులో కొంత ఇదే. రాత్రివేళ హైవే మీద ఎదురుగా వచ్చే లారీ లైట్లు ఆ పొర మీద పడి కళ్ళు చెదురుతాయి. కనుక దానిని ఎప్పటికప్పుడు తుడవాలి. మెత్తదనం పోయిన రెగ్జిను కుట్టు దగ్గర ముందుగా చిట్లుతుంది. వాన నీరు ఆ చిట్లులోంచి లోపలి స్పాంజిలోకి దిగితే ఇక సీటు పని అయిపోయినట్టే. చిట్లు జానెడు కాకముందే సీటు కవర్ల దుకాణంలో అతుకు వేయించుకుంటే కొత్త సీటు ఖర్చు తప్పుతుంది.

తోలుకు కొబ్బరినూనె పనికిరాదు

తోలు సీటని చెప్పి అమ్మేవన్నీ తోలు కావు. చాలా కార్లలో వున్నది తోలును పోలిన రెగ్జినే. నిజమైన తోలు సీటుకైనా ఈనాడు పైన సన్నటి పాలియురేథేన్ పూత వుంటుంది. చెప్పులకు రాసినట్టు కొబ్బరినూనె, ఆముదం రాస్తే ఆ పూత దాటి లోపలికి దిగదు. పైనే నిలిచి దుమ్మును పట్టుకుంటుంది. మన రోడ్ల దుమ్ములో ఇసుక రేణువులుంటాయి. మనిషి ఎక్కి దిగినప్పుడల్లా జిడ్డుతో కలిసిన ఆ ఇసుక గరుకు కాగితంలా సీటును రాస్తుంది. డ్రైవరు సీటు బయటి అంచు ముందుగా అరిగిపోవడానికి కారణం ఈ రాపిడే.

తోలుకు ఆమ్ల గుణం వుంటుంది. బట్టల సబ్బు, సోడా పొడి క్షార గుణం కలవి. అందుచేత వాటితో తోలును కడగరాదు. ముందుగా దుమ్మును మెత్తటి బ్రష్షుతో కుట్ల లోంచి దులిపి, గుడ్డను తడిపి గట్టిగా పిండి తుడవాలి. మరక వుంటే తోలు కోసం అమ్మే ద్రావణం కొద్దిగా వాడవచ్చు. వెంటనే పొడిగుడ్డతో తుడిచి ఆరనివ్వాలి. చెమట, తలనూనె, చేతులకు రాసుకునే శానిటైజరు కూడా తోలుకు శత్రువులే. ఎండాకాలం సీటు మీద పలచటి నూలు తువ్వాలు పరచుకునే పాత అలవాటు ఇందుకు మంచి విరుగుడు. అయితే సీటు పక్కన ఎయిర్‌బ్యాగు వున్న కార్లలో బిగుతు కవర్లు తొడిగించేముందు అది తెరుచుకునే చోటు వదిలారా లేదా చూసుకోవాలి.

రబ్బరును తినేది ఎండ ఒక్కటే కాదు

1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకం కలిపి వేడి చేసి రబ్బరును గట్టిపరిచాడు. టైరును నల్లగా చేసే కార్బన్ బ్లాక్ దానికి బలాన్నిస్తుంది, ఎండలోని అతినీల కిరణాలను కూడా అడ్డుకుంటుంది. ఇంత చేసినా రబ్బరుకు మరొక శత్రువు మిగిలే వుంది. అదే ఓజోన్.

ఆకాశంలో ఎత్తున వున్న ఓజోన్ మనల్ని కాపాడుతుంది. నేల మీద పుట్టే ఓజోన్ రబ్బరును కొరుకుతుంది. వాహనాల పొగ, రసాయనాల ఆవిరి గాలిలో వుండగా గట్టి ఎండ కాస్తే ఓజోన్ తయారవుతుంది. ఈ మూడూ కలిసే చోట్లు పారిశ్రామిక వాడలు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో పటాన్‌చెరు-బొల్లారం ప్రాంతాన్ని చేర్చిన సంగతి ఇక్కడివారికి కొత్త కాదు.

ఓజోన్ దెబ్బకు గుర్తు పట్టడం తేలిక. రబ్బరు ఎక్కడ సాగి వుంటుందో అక్కడ సన్నటి గీతలు పడతాయి. టైరు పక్కగోడ ఉబ్బే చోట, హోస్ పైపు వంపులో, తలుపు బీడింగు మూలల్లో చూడాలి. దీనిని అడ్డుకోవడానికి టైరు తయారీలోనే కొన్ని మైనాలు, రసాయనాలు కలుపుతారు. అవి మెల్లగా పైకి వచ్చి పొరగా నిలుస్తాయి. కొన్ని టైర్ల మీద కనిపించే గోధుమరంగు మురికి కాదు, ఆ రక్షణ మందే. టైరు తిరుగుతుంటే వంగి సాగి ఆ మందు పైకి వస్తూ వుంటుంది. కనుక రోజూ నడిచే బండి టైరు కంటే నెలల తరబడి కదలకుండా నిలిచిన బండి టైరుకే బీటలు ముందు వస్తాయి. ఊరికి పోతూ కారును వదిలిపెట్టేవారు ఇది గమనించాలి.

వెల్డింగు, విద్యుత్ మోటార్లు కూడా ఓజోన్‌ను పుట్టిస్తాయి. స్టెప్నీని, పాత టైర్లను బోరు మోటారు గదిలోనో, వెల్డింగు షెడ్డులోనో దాచడం మంచిది కాదు. చీకటిగా, చల్లగా, పొడిగా వున్న గది మేలు.

డీజిలు తుడుపు: పైన పటారం

లారీ అడ్డాల్లో, వాటర్ సర్వీసింగు షెడ్లలో టైర్లకు డీజిలో, కిరోసినో, వాడేసిన ఇంజను ఆయిలో పూసి నిగనిగలాడించడం ఎప్పటినుంచో వున్న అలవాటు. బండి ఆ పూట కొత్తదానిలా కనిపిస్తుంది. కానీ పెట్రోలియం నూనెలు రబ్బరులోకి దిగి దానిని ఉబ్బించి మెత్తబరుస్తాయి, లోపలి రక్షణ మందులను కరిగించి బయటికి లాగుతాయి. తలుపు బీడింగుల్లో ఎక్కువగా వాడే ఇ.పి.డి.ఎం. అనే రబ్బరు ఎండకూ ఓజోన్‌కూ బాగా ఓర్చుకుంటుంది గానీ ఈ నూనెలకు ఓర్చుకోలేదు. బీడింగుకు గ్రీజు రాస్తే అది ఉబ్బి, తలుపు సరిగా పడక, వానాకాలంలో నీళ్ళు లోపలికి వస్తాయి. దానికి సిలికోన్ గ్రీజు పలచగా రాయడమే తగినది.

ఇంతకంటే పెద్ద ప్రమాదం మరొకటి వుంది. మెరుపు బీటలను కప్పేస్తుంది. సెకండ్‌హ్యాండ్ బండి కొనేవాడికి టైరు నల్లగా నిగనిగలాడుతూ కనిపిస్తుంది. పైన పటారం, లోన లొటారం. కొనేముందు టైరును సబ్బు నీళ్ళతో కడిగించి, ఆరిన తర్వాత పక్కగోడను వేలితో నొక్కి చూడాలి.

పాలిష్ వాడదలచుకున్నవారు పెట్రోలియం ద్రావకం లేని, నీటితో చేసిన సిలికోన్ పాలిష్ ఎంచుకోవాలి. డబ్బా మీద ఆ వివరం చదవాలి. టైరు నేలను తాకే భాగానికి, స్టీరింగుకు, పెడళ్ళకు, మోటారు సైకిలు సీటుకు ఎట్టి పరిస్థితిలోనూ పూయరాదు. జారి ప్రాణాల మీదికి వస్తుంది. డాష్‌బోర్డును అద్దంలా మెరిపిస్తే దాని నీడ ముందు అద్దంలో పడి దారి కనిపించదు.

ఖర్చు లేని జాగ్రత్తలు

నిలిపే చోటును ఎంచుకోవడం అన్నిటికంటే ముఖ్యం. మధ్యాహ్నం తర్వాత ఎండ పడమటి నుంచి పడుతుంది. ఉదయం నిలిపి సాయంత్రం తీసేవారు బండి వెనుక భాగాన్ని పడమటి వైపు పెడితే డాష్‌బోర్డుకు కొంత ఉపశమనం. చెట్టు నీడ మంచిదే గానీ పక్షుల రెట్ట, చెట్టు జిగురు పడితే ఆ రోజే నీళ్ళతో కడగాలి. వెండి రంగు అట్టను ముందు అద్దానికి లోపలినుంచి అడ్డం పెడితే డాష్‌బోర్డు, స్టీరింగు కాపాడబడతాయి.

రెండు పొరలుండే ముందు అద్దం అతినీల కిరణాలను చాలావరకు ఆపుతుంది. పక్క అద్దాలు అంతగా ఆపవు. అందుకని కొందరు నల్ల ఫిల్ములు అంటిస్తుంటారు. 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు నల్ల ఫిల్ములను నిషేధించింది. నిబంధనల ప్రకారం ముందు, వెనుక అద్దాల గుండా కనీసం 70 శాతం, పక్క అద్దాల గుండా 50 శాతం వెలుతురు ప్రసరించాలి. నిలిపినప్పుడు పెట్టి, కదిలేటప్పుడు తీసేసే అట్టలతో ఈ చిక్కు లేదు.

గుడ్డ కవరు కప్పేవారు ముందుగా దుమ్ము కడగాలి. దుమ్ము మీద కప్పిన కవరు గాలికి రాసుకుని రంగును గీస్తుంది. వానకు తడిసిన కవరును రోజుల తరబడి అలాగే వుంచితే లోపల తోలుకు బూజు పడుతుంది.

టైరు పుట్టిన తేదీ

టైరు వయసు దాని ఒంటి మీదే రాసి వుంటుంది. పక్కగోడ మీద డి.ఓ.టి. అనే అక్షరాల వరుస చివర నాలుగు అంకెలుంటాయి. మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. 2319 అని వుంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. ఒకవైపు కనిపించకపోతే రెండో వైపు చూడాలి. ఐదేళ్ళు దాటిన టైరును ఏటా నిపుణుడికి చూపించాలని, పదేళ్ళు నిండితే గాడులు బాగానే వున్నా మార్చాలని పలువురు తయారీదార్లు సలహా ఇస్తారు. తక్కువ తిరిగే కార్లకు ఇది మరీ ముఖ్యం. అరగని టైరు చూసి మురిసిపోతాం గానీ లోపల రబ్బరు ఎండిపోయి వుండవచ్చు. ఎన్నడూ రోడ్డెక్కని స్టెప్నీ తేదీ కూడా చూడాలి.

ముత్తంగి దగ్గర ఔటర్ రింగు రోడ్డు ఎక్కిన కారు నిమిషాల్లో వేగం అందుకుంటుంది. మండుటెండలో కాలే రోడ్డు, గాలి తగ్గిన టైరు, పక్కగోడలో బీటలు... ఈ మూడూ కలిస్తే టైరు పేలడానికి వేరే కారణం అక్కరలేదు. ఉదయం టైరు చల్లగా వున్నప్పుడే గాలి కొలిపించుకోవాలి.

ఇది బండివాళ్ళ ఒక్కరి బాధ్యత కాదు. కర్మాగారాలు కార్మికుల వాహనాలకు రేకుల షెడ్డు వేస్తే, ఆ రేకుల స్థానంలో సౌర ఫలకాలు పెడితే, నీడా వస్తుంది, కరెంటూ వస్తుంది. ఆటో అడ్డాల దగ్గర, గేట్ల ముందు గ్రామ పంచాయతీలు, పురపాలక సంఘాలు ఈ వానాకాలంలో నాలుగు కానుగ మొక్కలో వేప మొక్కలో నాటించి నీళ్ళు పోయిస్తే కొన్నేళ్ళకు అక్కడి బండ్లకూ, బండ్ల దగ్గర కాచుకునే డ్రైవర్లకూ నీడ దొరుకుతుంది. అంతవరకు చేయవలసింది, ఎండలు ముదరకముందే బండి చుట్టూ ఒకసారి తిరిగి ఐదు టైర్లనూ కడిగి చూసుకోవడం.