అజీజ్‌నగర్ జట్టు పెద్ద లీగులో చేరవచ్చునా?

హైదరాబాదు నుంచి చేవెళ్ళకు పోయే దారిలో, ఉస్మాన్ సాగరుకూ హిమాయత్ సాగరుకూ నడుమ అజీజ్‌నగర్ ఉన్నది. మొయినాబాదు మండలంలోని ఈ ఊరికి 2022 తరువాత ఫుట్‌బాల్ లోకంలో ఒక పేరు వచ్చినది. ఇక్కడి డెక్కన్ ఎరీనా అనే మైదానం శ్రీనిధి డెక్కన్ జట్టుకు సొంత గడ్డ అయినది. ఈ జట్టు దేశంలోని అగ్రశ్రేణి లీగులో చేరవలెనా, చేరితే ఏ దారిన చేరవలెనన్న ప్రశ్న ఆటను ప్రేమించే ఇళ్ళలో తరచు వినవస్తున్నది. ఇందులోని మంచి చెడ్డలను శ్రోతల ముందు ఉంచదలచినాము.

ముందుగా లీగు అంటే ఏమిటో చెప్పుకొనుట అవసరం. కప్పు పోటీలో ఒకనాడు ఓడిన జట్టు ఇంటిదారి పట్టవలసినదే. లీగులో అట్లు కాదు. ప్రతి జట్టూ తక్కిన జట్లన్నింటితో ఆడుతుంది. గెలుపునకు మూడు పాయింట్లు, సమానమైతే ఒకటి. నెలల తరబడి ఆడిన తరువాత ఎవరికి ఎక్కువ పాయింట్లు ఉంటే వారిదే విజయం. అనేక దేశాలలో లీగులు మెట్లుమెట్లుగా ఉంటాయి. క్రింది మెట్టున గెలిచినవారు పైకి పోతారు, పై మెట్టున అడుగున మిగిలినవారు క్రిందికి వస్తారు.

మన దేశంలో ఈ నిచ్చెన ఆలస్యంగా ఏర్పడినది. 2014లో ఎనిమిది జట్లతో ఇండియన్ సూపర్ లీగు ఆరంభమైనప్పుడు అందులో చోటు రుసుము చెల్లించినవారికే దొరికినది. 2019 అక్టోబరులో ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య ఆమోదించిన ప్రణాళిక ప్రకారం, 2022–23 నుంచి ఐ-లీగు విజేత ఆ రుసుము లేకుండా పైకి పోవచ్చును. అయితే లైసెన్సు నిబంధనలు నెరవేర్చవలెను. ఆ విధంగా ఆటలో గెలిచి పైకి వచ్చిన మొదటి జట్టు పంజాబు.

శ్రీనిధి జట్టు దురదృష్టం ఇక్కడనే ఉన్నది. 2015లో స్థాపితమైన ఈ క్లబ్బు 2021–22లో తొలిసారి ఐ-లీగు ఆడి మూడవ స్థానం పొందినది. 2022–23లో పంజాబు తరువాతి స్థానం, 2023–24లో కలకత్తా మహమ్మడన్ స్పోర్టింగు తరువాతి స్థానం దానివి. పైకి పోయేది ఒక్క జట్టే కనుక రెండు సంవత్సరాలు వరుసగా గడప దాకా వచ్చి ఆగిపోయినది. ఇంత దగ్గరకు వచ్చిన జట్టును ఏదో ఒక విధంగా లోపలికి పంపరాదా అని అభిమానులు అడుగుట సహజమే.

ఆ ఆరాటానికి మరొక కారణం కూడ ఉన్నది. హైదరాబాదు ఫుట్‌బాల్ ఆటకు కొత్త ఊరు కాదు. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదు సార్లు రోవర్స్ కప్పు గెలిచినది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాల్గవ స్థానమూ, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణ పతకమూ సాధించినది. అయినా అంతటి ఊరు తన ఆటగాళ్ళను నిలుపుకొనలేకపోయినది. సికింద్రాబాదులోని అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం 1957లో కలకత్తా వెళ్ళి ఈస్ట్ బెంగాల్ జట్టులో చేరినాడు. పెద్ద పోటీలు ఎక్కడ ఉంటే పెద్ద ఆటగాడు అక్కడికే పోతాడు. కనుక క్రింది మెట్టుననే ఉండిపోవుట క్షేమమని అనుకొనుటకు వీలులేదు. మన పిల్లలలో మెరికలు ముందుగా మనలను విడిచిపోతారు.

అయితే పైమెట్టు ఎక్కినంత మాత్రాన ఊరికి మేలు కలుగునా? ఇందుకు కూడ హైదరాబాదే సాక్షి. 2019లో పూనా జట్టు స్థానంలో హైదరాబాదు ఫుట్‌బాల్ క్లబ్బు వెలసినది. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దాలో కేరళ జట్టును పెనాల్టీలలో ఓడించి సూపర్ లీగు కప్పు గెలిచినది. మరుసటి ఏడు లీగులో రెండవ స్థానం. అటుపిమ్మట డబ్బుకు ఇబ్బంది వచ్చినది, జీతాలు బకాయిపడినవి, కొత్త ఆటగాళ్ళను చేర్చుకొనకుండ ప్రపంచ సమాఖ్య నిషేధం విధించినది, ఉన్నవారు వెళ్ళిపోయినారు. 2023–24లో ఒకే ఒక ఆట గెలిచి అన్నిటికంటె అడుగున నిలిచినది. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలి పేరు కూడ మార్చుకొన్నది. గచ్చిబౌలిలో సుమారు 30,000 మంది కూర్చోగల మైదానం ఉండినా, కప్పు గెలిచిన జట్టు ఊళ్ళో నిలువలేదు.

పైకి పోయిన మహమ్మడన్ అనుభవమూ ఇట్టిదే. 1891లో పుట్టిన ఆ క్లబ్బు 2024–25లో సూపర్ లీగు ఆడి రెండే ఆటలు గెలిచి చివరి స్థానంలో మిగిలినది. అసలు సూపర్ లీగుకే 2025లో ఆటంకం ఏర్పడినది. అఖిల భారత సమాఖ్యకూ నిర్వాహక సంస్థకూ మధ్య 2010లో కుదిరిన ఒప్పందం గడువు ముగియవస్తుండగా, ఆ జూలైలో పోటీలు నిలిపివేసినట్లు ప్రకటన వెలువడినది. ఆ ఏడు లీగు యథాకాలాన మొదలు కాలేదు. ఎక్కదలచిన మెట్టు గట్టిదా కాదా అని కూడ చూచుకొనవలసి వచ్చినది.

ఇందుకు ప్రతిగా స్పెయిన్ దేశంలోని ఈబార్ కథ చెప్పవచ్చును. సుమారు 27,000 మంది నివసించే చిన్న ఊరు అది. 2014లో అక్కడి జట్టు రెండవ శ్రేణిలో ప్రథమంగా నిలిచినది. అప్పులు లేవు, అయినా నిబంధనల ప్రకారం మూలధనం మరి 17 లక్షల యూరోలు పెంచవలసి వచ్చినది. క్లబ్బువారు ఒక ధనికుని చేతికి జట్టును అప్పగించలేదు. చిన్నచిన్న వాటాలు అమ్మి అనేక దేశాల అభిమానుల నుంచి ఆ సొమ్ము కూర్చినారు. పై శ్రేణిలో మొదటి ఏడే వారు క్రిందికి రావలసిన స్థానంలో మిగిలినారు. అయితే ఆటలో వారికంటె మెరుగుగా నిలిచిన ఎల్చే జట్టును బాకీల కారణంగా క్రిందికి దించినందున, ఈబార్ పైననే ఉన్నది. అట్లు ఏడు సంవత్సరాలు, 2021 వరకు, మహాజట్ల నడుమ ఆడినది. మైదానంలో చేజారిన చోటును లెక్కల పుస్తకం నిలిపినది.

కనుక మా అభిప్రాయం ఇది. అజీజ్‌నగర్ జట్టు పెద్ద లీగులో చేరవలసినదే. కాని గెలిచి చేరవలెను. రుసుము చెల్లించి గాని, ఖాళీ అయిన చోటున కూర్చుండి గాని కాదు. అట్లు వచ్చిన జట్టుకు ఊరితో ముడి తక్కువ. యజమాని మనసు మారిననాడు జట్టు బండి ఎక్కుతుంది. గెలుచుటకు ముందే చూచుకొనవలసిన విషయాలు మూడు ఉన్నవి. గెలుపు లేని ఏడు కూడ జీతాలు నడిచేటంత నిధి చేతిలో ఉన్నదా? గౌహతి నుంచి కొచ్చి దాకా ప్రయాణాలు, విదేశీ ఆటగాళ్ళ వేతనాలు ఓటమితో తగ్గవు. చిన్న మైదానం చాలనినాడు పెద్ద ఆటలు ఎక్కడ ఆడవలెను, నగరంలోని ప్రేక్షకులు అక్కడికి ఏ బస్సులో రావలెను? చేవెళ్ళ, మొయినాబాదు, పాతబస్తీ, సికింద్రాబాదు పిల్లలలో ఎందరు ఆ జట్టు చొక్కా తొడుగుకొనగలరు?

ఈ మూడింటికీ జవాబు లేకుండ పైకి పోవుట నేల విడిచి సాము చేయుట వంటిది. జవాబు ఉన్న జట్టుకు మరొక ఏడు ఆలస్యమైనా నష్టం లేదు. సమాఖ్య పెద్దలు చేయవలసినదీ ఒకటున్నది. పైనున్న జట్లు క్రిందికి దిగే పద్ధతి 2024–25 నుంచి రావలసియుండినా అప్పుడు అమలు కాలేదు. ఎక్కుటేగాని దిగుట లేని నిచ్చెనపై క్రిందివారికి చోటు దొరకుట కష్టం.

చేవెళ్ళ రోడ్డున సాయంకాలం బూట్లు చేతపట్టుకొని మైదానానికి పోయే పిల్లవానికి ఈ లీగుల పేర్లతో పని లేదు. తన ఊరి జట్టు వచ్చే ఏడు కూడ అక్కడనే ఉంటుందా అన్నదే వాని ప్రశ్న. దానికి ఉంటుందని ధైర్యంగా చెప్పగలిగిననాడు, ఆ జట్టు ఏ లీగుకైనా తగినదే.