సంక్రాంతి సెలవుల భోజన ప్రణాళిక

సంక్రాంతి సెలవుల భోజన ప్రణాళిక అనగా సంక్రాంతి పండుగకు ఇంటికి చేరిన కుటుంబ సభ్యులకు, బంధువులకు వారం రోజుల పాటు రాత్రిపూట ఏమి వండాలో, ఎంత వండాలో, ఎవరు వండాలో ముందుగా నిర్ణయించుకొనే పద్ధతి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో ఎక్కువ పాఠశాలలకు చలికాలంలో లభించే పెద్ద సెలవులు ఇవే. మకర సంక్రాంతి సాధారణంగా జనవరి 14 లేదా 15వ తేదీన వస్తుంది. దానికి ముందురోజు భోగి, మరునాడు కనుమ, ఆ తరువాతి రోజు ముక్కనుమ. ఈ నాలుగు రోజులకు ముందు రెండు రోజులు, తరువాత ఒక రోజు కలిపితే ఒక వారం అవుతుంది.

పండుగనాటి పగటి భోజనంలో ఏమేమి ఉండాలో ప్రతి ఇంటా ఆచారమే నిర్ణయిస్తుంది. రాత్రి భోజనానికి అటువంటి నియమం తక్కువ. అందువలన పగలంతా పొయ్యి దగ్గర గడిపినవారే సాయంత్రం మళ్ళీ వంట గురించి ఆలోచించవలసి వస్తుంది. ఈ భారాన్ని తగ్గించడం ప్రణాళిక యొక్క ముఖ్య ప్రయోజనం. వండిన పదార్థం వృథా కాకుండా, పాడవకుండా చూడడం రెండవ ప్రయోజనం.

నేపథ్యం

సంక్రాంతి పంట ఇంటికి వచ్చే కాలం. కొత్త బియ్యం, కొత్త బెల్లం, నువ్వులు, మినుములు ఈ రోజులలో లభిస్తాయి. చిక్కుడు, అనప, గుమ్మడి, కంద, చిలగడదుంప, ముల్లంగి, పచ్చి కందికాయలు, తోటకూర, బచ్చలి మొదలైన కూరలు సమృద్ధిగా దొరుకుతాయి. డిసెంబరు మధ్యలో మొదలయ్యే ధనుర్మాసం భోగితో ముగుస్తుంది. ఈ నెలలో మాంసాహారం మానే కుటుంబాలు అనేకం ఉన్నాయి. ఆ కుటుంబాలలో పండుగ తరువాతనే మాంసం వండుతారు.

అరిసెలు, జంతికలు, సకినాలు, సున్నుండలు వంటి పిండివంటలను పండుగకు కొన్ని రోజుల ముందే చేసి డబ్బాలలో నిల్వ చేస్తారు. అనగా ముందుగా చేసుకొని తరువాత తినే పద్ధతి ఈ పండుగలో పూర్వం నుండి ఉన్నదే. భోజన ప్రణాళిక ఆ పద్ధతినే రాత్రి వంటకు విస్తరింపజేస్తుంది.

ముందుగా లెక్కించవలసినవి

భోజనానికి కూర్చొనేవారి సంఖ్య: వారం పొడవునా ఈ సంఖ్య ఒకే విధంగా ఉండదు. భోగికి ముందు రెండు రోజులలో ఊళ్ళ నుండి ఒక్కొక్కరే వస్తారు. కనుమనాడు ప్రయాణం చేయరాదని ఆచారం ఉన్నది. కనుమనాడు కాకి కూడా కదలదని సామెత. అందువలన కనుమ రాత్రి వరకు సంఖ్య తగ్గదు. ముక్కనుమనాడు ఒక్కసారిగా తగ్గుతుంది. ఈ మార్పును గుర్తించకపోతే మొదటి రోజులలో అన్నం చాలకపోవడం, చివరి రోజులలో మిగిలిపోవడం జరుగుతుంది.

నియమాలు: సోమ, గురు, శనివారాలలో మాంసం తినని కుటుంబాలు కలవు. కనుమ ఆ వారాలలో వస్తే మాంసాహారాన్ని ముక్కనుమకు మార్చుకుంటారు. సంక్రాంతినాడు పితృదేవతలకు తర్పణాలు విడిచేవారిలో కొందరు రాత్రి అన్నం తినక ఫలహారం మాత్రమే తీసుకుంటారు. మధుమేహం, రక్తపోటు ఉన్న పెద్దలకు, కారం తినలేని పిల్లలకు ఏమి పెట్టాలో కూడా ముందే వ్రాసుకోవాలి.

సామగ్రి: ఇంట్లో వాడే వంటగ్యాసు సిలిండరులో 14.2 కిలోల గ్యాసు ఉంటుంది. పిండివంటలు, పదిమంది భోజనం ఒకేసారి సాగే వారంలో ఇది మామూలు కంటే చాలా త్వరగా అయిపోతుంది. నిండు సిలిండరు ఒకటి సిద్ధంగా ఉంచుకోవడం అవసరం. కందిపప్పు, చింతపండు, నూనె వంటి నిల్వ సరుకులను వారం ముందే తెచ్చుకోవాలి. ఆకుకూరలను వాడే రోజునే తేవాలి.

పరిమాణాలు

పదిమంది పెద్దలకు ఒక రాత్రి భోజనానికి కావలసిన సరుకులు సుమారుగా ఇలా ఉంటాయి.

- బియ్యం: 1 నుండి 1¼ కిలో
- కందిపప్పు లేదా పెసరపప్పు: 300 గ్రాములు
- కూరగాయలు (ఒక కూర, ఒక పులుసుకు): 1½ నుండి 2 కిలోలు
- పెరుగుకు పాలు: 1½ లీటరు
- కోడిమాంసం (వండే రోజున): 2 కిలోలు

పండుగ రోజులలో పిండివంటలు తినడం వలన అన్నం ఖర్చు తగ్గుతుంది. కనుక బియ్యాన్ని పై లెక్కలో తక్కువ వైపుకు తీసుకోవడం మంచిది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలలో రోజుకు 2000 కిలోకాలరీల ఆహారానికి ధాన్యాలు 250 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పప్పులు, గుడ్లు, మాంసం కలిపి 85 గ్రాములు, నూనెలు, నెయ్యి కలిపి 27 గ్రాములు సూచించారు. పండుగ వారంలో నూనె, బెల్లం ఈ కొలతను సులభంగా దాటుతాయి. పగలు వేపుళ్ళు, తీపి ఎక్కువగా తిన్న రోజున రాత్రికి కూరగాయలు, పప్పు, మజ్జిగ ప్రధానంగా ఉండేలా చూడాలి.

వారపు పట్టిక

క్రింది పట్టిక ఒక నమూనా మాత్రమే. ప్రాంతాన్ని, కుటుంబ ఆచారాన్ని అనుసరించి మార్పులు చేసుకోవచ్చు.

మొదటి రోజు: తోటకూర పప్పు, చిక్కుడుకాయ కూర, చారు, పెరుగు. బంధువులు వేర్వేరు సమయాలలో చేరతారు కనుక మళ్ళీ వేడిచేసినా రుచి చెడని పప్పు, చారు అనువైనవి.

రెండవ రోజు: ఇడ్లీ లేదా దిబ్బరొట్టె, కొబ్బరి పచ్చడి, అల్లం పచ్చడి. ఈ రోజున ఇంట్లో పిండివంటల పని మిగిలి ఉంటుంది. ముందురోజే రుబ్బి ఉంచిన పిండి వలన రాత్రి వంటకు ఎక్కువ సమయం పట్టదు.

మూడవ రోజు (భోగి): పెసరపప్పు, కొత్త బియ్యంతో పులగం, గుమ్మడికాయ పులుసు, అప్పడాలు. అన్నం, పప్పు ఒకే గిన్నెలో ఉడుకుతాయి. గుమ్మడికాయ కోయకుండా చాలా రోజులు నిల్వ ఉంటుంది కనుక దానిని ముందే తెచ్చి ఉంచుకోవచ్చు.

నాలుగవ రోజు (సంక్రాంతి): ఉప్మా లేదా అట్లు, మజ్జిగ, పండ్లు. పులిహోర, బూరెలు లేదా బొబ్బట్లు, పరమాన్నం వంటివాటితో పగటి భోజనం భారీగా ఉంటుంది. రాత్రికి తేలిక ఫలహారం చాలు. తర్పణాల నియమం పాటించేవారికి కూడా ఇది సరిపోతుంది.

ఐదవ రోజు (కనుమ): గారెలు, నాటుకోడి కూర. కనుమనాడు మినుము తినాలని పెద్దలు చెబుతారు. శాకాహారులు గారెలను అల్లం పచ్చడితో గాని, పెరుగులో నానబెట్టి ఆవడలుగా గాని తింటారు. వారమంతటిలో ఎక్కువ పని ఉండేది ఈ రాత్రికే. కనుక ముందురోజు రాత్రి వంట తక్కువగా ఉండటం అవసరం.

ఆరవ రోజు (ముక్కనుమ): కంద బచ్చలి కూర, పప్పుచారు, అన్నం. కనుమనాడు మాంసం వండని ఇళ్ళలో ఈ రోజు వండుతారు. మిగిలిన గారెలు ఉంటే పెరుగులో వేస్తారు.

ఏడవ రోజు: పులిహోర, దద్దోజనం, వేయించిన ఊరమిరపకాయలు. ఊళ్ళకు తిరిగి వెళ్ళేవారికి ఇవే కట్టి ఇవ్వవచ్చు. చింతపండు పులుపు వలన పులిహోర ప్రయాణంలో కొంత ఎక్కువసేపు నిలుస్తుంది. దద్దోజనం ఆ పూటనే తినాలి.

ప్రాంతీయ భేదాలు

గోదావరి జిల్లాలలో కంద బచ్చలి కూర, దిబ్బరొట్టె ప్రసిద్ధం. రాయలసీమలో నాటుకోడి కూరకు గారెలతో పాటు రాగిసంగటి జోడింపు. రాయలసీమ, తెలంగాణ ప్రాంతాలలో భోగికి నువ్వులు అద్దిన సజ్జ రొట్టెలు, పలు కూరగాయలు కలిపి వండిన కూర చేసే ఇళ్ళు కలవు. తెలంగాణలో ఈ పండుగకు సకినాలు ముఖ్యమైనవి. బియ్యపు పిండి మిగిలితే దానిలో శనగపప్పు, పల్లీలు, నువ్వులు కలిపి గుండ్రటి గిన్నెకు అద్ది సర్వపిండి కాలుస్తారు. దీనిని రెండవ రోజు రాత్రి ఇడ్లీకి బదులుగా చేసుకోవచ్చు.

చలికాలపు వంటలో మెలకువలు

- పిండి పులియడం: ఇడ్లీ పిండి పులియడానికి 25 నుండి 30 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత అనుకూలం. చలి రాత్రులలో ఇది ఆలస్యమవుతుంది. కనుక వేసవిలో కంటే నాలుగైదు గంటలు ముందుగా రుబ్బి, గిన్నెను దుప్పటి చుట్టి గాని, వేడి తగ్గిన పొయ్యి పక్కన గాని ఉంచాలి.
- కొత్త బియ్యం: కొత్త బియ్యం తక్కువ నీటిని పీల్చుకుంటుంది. పాత బియ్యానికి పోసినన్ని నీళ్ళు పోస్తే అన్నం ముద్ద అవుతుంది. పులగానికి, పొంగలికి ఇది మంచిదే. పులిహోరకు మాత్రం పాత బియ్యం వాడాలి.
- గారెల పిండి: మినపప్పును మూడు నాలుగు గంటలు నానబెట్టి, వీలైనంత తక్కువ నీటితో రుబ్బి, ఉప్పును చివరలో కలపాలి. ముందే ఉప్పు కలిపితే పిండి పలుచబడి గారెలు నూనె పీలుస్తాయి.
- నాటుకోడి: దీని మాంసం గట్టిగా ఉంటుంది కనుక ఫారంకోడి కంటే ఎక్కువసేపు ఉడకాలి. పసుపు, ఉప్పు, అల్లం వెల్లుల్లి ముద్ద పట్టించి కొంతసేపు ఉంచి, ప్రెషర్ కుక్కరులో వండితే సమయం, గ్యాసు కలిసివస్తాయి.

నిల్వ, జాగ్రత్తలు

చలికాలంలో వండిన పదార్థం బయట ఉంచినా పాడవదనే అభిప్రాయం సరికాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనల ప్రకారం వండిన ఆహారాన్ని గది ఉష్ణోగ్రతలో 2 గంటలకు మించి ఉంచరాదు. చల్లగా దాచేటప్పుడు 5 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువలో, వడ్డించే వరకు వేడిగా ఉంచేటప్పుడు 60 డిగ్రీలకు పైన ఉంచాలి. మిగిలినదానిని మళ్ళీ వేడిచేసేటప్పుడు లోపలి భాగం కూడా 70 డిగ్రీలు దాటాలి. లంబసింగి వంటి ఏజెన్సీ ప్రాంతపు ఊళ్ళను మినహాయిస్తే, కోస్తాలో జనవరి రాత్రుల ఉష్ణోగ్రత సాధారణంగా 15 డిగ్రీల ప్రాంతంలో గాని, అంతకు పైన గాని ఉంటుంది. ఆ చలి ఫ్రిజ్‌కు ప్రత్యామ్నాయం కాదు.

అన్నం విషయంలో ప్రత్యేక జాగ్రత్త అవసరం. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా యొక్క స్పోరులు ఉడికించినా నశించవు. అన్నం గంటల తరబడి బయట ఉంటే అవి వృద్ధి చెంది, వాంతులు కలిగించే విషపదార్థాన్ని తయారుచేస్తాయి. ఈ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. కనుక మిగిలిన అన్నాన్ని వెడల్పు పళ్ళెంలో పరచి త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో ఉంచాలి.

వేపుడు నూనె: నూనెను పదేపదే కాచడం వలన దానిలో పోలార్ సమ్మేళనాలు పెరుగుతాయి. ఇవి 25 శాతం మించిన నూనెను ఆహార వ్యాపారులు వాడరాదని భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ విధించిన నియమం 2018 జూలై 1 నుండి అమలులోకి వచ్చింది. ఇళ్ళలో ఈ కొలత సాధ్యం కాదు. నూనె నల్లబడినా, నురుగు వచ్చినా, చెడు వాసన వేసినా పారవేయాలి. బెల్లం పాకంతో చేసే అరిసెలు నూనెను త్వరగా నల్లబరుస్తాయి కనుక ముందు జంతికలు, సకినాలు వేయించి, చివరగా అరిసెలు వేయించుకోవాలి.

పిండివంటల డబ్బాలలో తడి చేయి పెట్టరాదు. అరిసెల కొరకు కొట్టిన తడిపిండి త్వరగా పులుస్తుంది కనుక మిగిలినదానిని అదే రోజున అట్లకు వాడుకోవాలి. ఇడ్లీ పిండి మిగిలితే మరునాడు పునుగులు గాని, గుంతపొంగనాలు గాని చేసుకోవచ్చు.

పని విభజన

జాతీయ గణాంక కార్యాలయం 2019లో నిర్వహించిన కాల వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే స్త్రీలు జీతం లేని ఆ పనికి రోజుకు సగటున 299 నిమిషాలు, ఆ పనిలో పాల్గొనే పురుషులు 97 నిమిషాలు వెచ్చించేవారు. సెలవులకు బంధువులు చేరినప్పుడు ఈ పని మరింత పెరుగుతుంది. ఇంట్లో మిగిలినవారందరికీ సెలవు దొరికిన వారమే వంట చేసేవారికి ఎక్కువ శ్రమ కలిగించే వారమవుతుంది.

ఏమి వండాలో వ్రాసుకొని, ఎవరు చేయాలో వ్రాయకపోతే ఆ పట్టిక వలన వంట చేసేవారి శ్రమ తగ్గదు. అందువలన ప్రతి వంటకం పక్కన చేసేవారి పేరు కూడా వ్రాయాలి. చిక్కుడుకాయలకు ఈనెలు తీయడం, వెల్లుల్లి ఒలవడం, విస్తళ్ళు వేయడం పిల్లలు చేయగలరు. బజారు పని, పిండి రుబ్బడం, కొబ్బరి తురమడం, గారెలు వేయించడం, గిన్నెలు తోమడం పురుషులు పంచుకోవచ్చు. పెద్దవారు కొలతలు చెబుతూ ఉంటే చిన్నవారు వండడం వలన ఆ ఇంటి వంటల పద్ధతులు తరువాతి తరానికి అందుతాయి.

నమూనా పట్టికలో నాలుగవ, ఏడవ రోజుల వంట సులభమైనది. ఉప్మా, అట్లు, పులిహోర, దద్దోజనం కొద్దిపాటి అనుభవం ఉన్నవారు కూడా చేయగలరు. ఏడాది పొడవునా వంట చేసేవారికి ఈ రెండు రాత్రులైనా పూర్తి విశ్రాంతి ఇచ్చి, మిగిలినవారు వంట బాధ్యత తీసుకోవడం మంచిది.