ఫైళ్ళు పోకుండా కొత్త విండోస్ వేసుకోవచ్చు!

ఇంటికి సున్నాలు వేయించేటప్పుడు మనం ఏం చేస్తాం? దేవుడి పటాలు, అద్దాలు, పచ్చడి జాడీలు ముందే తీసి ఒక మూల జాగ్రత్త చేస్తాం. ఆ తర్వాతే పనివాళ్ళను లోపలికి రానిస్తాం. మరి ఇంట్లో కంప్యూటర్‌కి కొత్త విండోస్ వేయించేటప్పుడు ఆ జాగ్రత్త ఎందుకు మరిచిపోతామో!

బోరబండలో మా పక్క వాటాలో ఉండే ఆవిడ మగ్గం వర్క్ చేస్తారు. బ్లౌజు డిజైన్ల ఫొటోలు, కొలతలు, ఎవరు ఎంత అడ్వాన్సు ఇచ్చారో ఆ లెక్కలు, అన్నీ ల్యాప్‌టాప్‌లోనే. అది నత్తనడక నడుస్తోందని ఓ రోజు షాపుకి తీసుకెళ్ళారు. "ఫార్మాట్ కొట్టి కొత్త విండోస్ వేస్తానక్కా, సాయంత్రానికి ఇచ్చేస్తా" అన్నాడు అక్కడి కుర్రాడు. "సరే బాబూ" అని వచ్చేశారు.

సాయంత్రం ఇంటికి తెచ్చి తెరిస్తే ఏముంది? తెర తళతళలాడుతోంది, లోపల అంతా ఖాళీ! కొలతలు మళ్ళీ తీసుకోవచ్చు, లెక్కలు అడిగి రాసుకోవచ్చు. కానీ కాలం చేసిన వాళ్ళమ్మగారు సంక్రాంతికి సకినాలు చుడుతూ పిండి ఎలా కలపాలో చెప్పిన వీడియో కూడా అందులోనే ఉంది. అది ఎక్కణ్ణుంచి తేవడం? "దాచమని మీరు చెప్పలేదుగా అక్కా!" అన్నాడట ఆ కుర్రాడు.

ఆ రెండు మాటలకీ తేడా ఉంది

ఫార్మాట్ అంటే ఇల్లంతా ఊడ్చి ఖాళీ చేసి మళ్ళీ కాపురం పెట్టడం. అప్‌గ్రేడ్ అంటే సామాన్లు ఎక్కడివక్కడ ఉండగానే ఇల్లు బాగుచేయించుకోవడం. రెండో పద్ధతిలో మీ ఫొటోలు, ఫైళ్ళు, ప్రోగ్రాములు మామూలుగా ఉన్నచోటే ఉంటాయి. అందుకే షాపులో "కొత్త విండోస్ వెయ్యి" అని ఊరుకోకండి. "ఫార్మాట్ చేయొద్దు, అప్‌గ్రేడ్ చెయ్యి, నా ఫైళ్ళు ఉండాలి" అని స్పష్టంగా చెప్పండి.

ఇప్పుడీ గొడవ ఎందుకంటారా?

2015లో వచ్చిన విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో మద్దతు ఆపేసింది. కంప్యూటర్ ఆగిపోదు కానీ, మామూలుగా ఉచితంగా వచ్చే భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. పేరు నమోదు చేసుకున్న ఇళ్ళవాళ్ళకి 2026 అక్టోబరు 13 దాకా ఇస్తామని 2025లో ప్రకటించారు. అసలైన విండోస్ 10 ఉండి, మిషన్ సరిపోతే విండోస్ 11కి మారడం ఉచితమే. మన బోరబండ తర్వాతి ఎమ్‌ఎమ్‌టీఎస్ స్టేషనే హైటెక్ సిటీ. మైక్రోసాఫ్ట్ 1998లోనే హైదరాబాద్‌లో అభివృద్ధి కేంద్రం పెట్టింది. ఇంత దగ్గర్లో ఉండి మనం భయపడితే ఎలాగండీ?

కావలసినవి

ఫైళ్ళన్నీ పట్టే పెన్ డ్రైవ్ లేదా ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ ఒకటి. ఛార్జర్. మంచి ఇంటర్నెట్. కాస్త ఓపిక. మిషన్‌కైతే కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజి, టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. ప్రాసెసర్ కూడా మైక్రోసాఫ్ట్ ఒప్పుకున్న వాటిలో ఉండాలి. ఇవన్నీ మనం వెతకనక్కరలేదు. మైక్రోసాఫ్ట్ వారి 'పీసీ హెల్త్ చెక్' అనే ఉచిత ప్రోగ్రాము చూసి చెబుతుంది.

చేసే విధానం

ముందుగా డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్లను బయటి డిస్క్‌లోకి కాపీ చేయండి. "డీ డ్రైవ్‌లో పెట్టాను కదా" అనుకోవద్దు. చాలా ఇళ్ళలో సీ, డీ రెండూ ఒకే డిస్క్‌లోని అరలు. బీరువాలో పై అరలోంచి కింది అరలోకి మార్చినంత మాత్రాన దొంగలనుంచి కాపాడినట్టు కాదుగా! తెలుగు టైపింగ్ చేసేవారు పాత ఫాంట్లనూ కాపీ చేసుకోండి. ఫైలు ఉన్నా ఫాంటు లేకపోతే అక్షరాలు పిచ్చి గీతల్లా కనిపిస్తాయి.

కాపీ అయిందని ఊరుకోక నాలుగైదు ఫైళ్ళు ఆ డిస్క్‌లోంచే తెరిచి చూడండి. ఉప్పు సరిపోయిందో లేదో చూడకుండా పచ్చడి జాడీకెత్తం కదా! చూశాక డిస్క్‌ని తీసి పక్కన పెట్టేయండి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో డిస్క్‌కి తాళం వేసినట్టు ఎన్‌క్రిప్షన్ ఉంటుంది. దాని 48 అంకెల రికవరీ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉందేమో చూసి కాగితం మీద రాసిపెట్టుకోండి.

తర్వాత సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ తెరవండి. విండోస్ 11 సిద్ధంగా ఉందని చూపిస్తే అక్కణ్ణుంచే మొదలుపెట్టండి. రాత్రి వంటిల్లు సర్దుకున్నాక, ఛార్జర్ పెట్టి మొదలుపెడితే మంచిది. మధ్యలో మిషన్ దానంతటదే ఆగి మళ్ళీ వెలుగుతుంది, కంగారుపడి ఆపేయకండి.

పెన్ డ్రైవ్‌తో వేస్తుంటే ఒక మెలిక ఉంది. మిషన్ మామూలుగా తెరిచి, విండోస్‌లో ఉండగానే సెటప్ నడపాలి. పెన్ డ్రైవ్‌తోనే మిషన్‌ని స్టార్ట్ చేస్తే అప్‌గ్రేడ్ కుదరదు. ఏం ఉంచాలని అడిగినప్పుడు 'కీప్ పర్సనల్ ఫైల్స్ అండ్ యాప్స్' ఎంచుకోండి. 'నథింగ్' జోలికి మాత్రం పోవద్దు!

హోమా? ప్రోనా?

విండోస్‌లో హోమ్, ప్రో అని రకాలున్నాయి. హోమ్ నుంచి ప్రోకి మారాలంటే కీ కొని సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ దగ్గర ఇస్తే చాలు, ఫైళ్ళు కదలవు. కానీ పిల్లల చదువుకీ, ఇంటి లెక్కలకీ హోమ్ బాగానే సరిపోతుంది. ఎవరో చెప్పారని ప్రోకి డబ్బు పోయకండి.

నచ్చకపోతే?

అప్‌గ్రేడ్ అయ్యాక మామూలుగా 10 రోజుల దాకా సెట్టింగ్స్‌లో రికవరీ కింద 'గో బ్యాక్' నొక్కి పాత విండోస్‌కి వెళ్ళవచ్చు. అప్పటిదాకా పాత సరుకు ఉన్న 'విండోస్.ఓల్డ్' ఫోల్డర్‌ని తుడిచేయకండి.

ఇక మా పక్కింటావిడ సంగతి. వరంగల్‌లో ఉన్న చెల్లెలి ఫోన్‌లో వెతికితే ఆ వీడియోలో రెండు నిమిషాల ముక్క దొరికింది. పిండి కలిపే వరకే ఉంది, చుట్టడం లేదు. ఇప్పుడది ల్యాప్‌టాప్‌లో, పెన్ డ్రైవ్‌లో, చెల్లెలి ఫోన్‌లో, మూడు చోట్ల ఉంది. మీ కంప్యూటర్‌లో అలాంటిదేదైనా ఉందా? అయితే విండోస్ సంగతి రేపు చూసుకోవచ్చు, కాపీ మాత్రం ఈ రోజే తీసేయండి!