లీకైతే మంచిదే!

బెంగళూరులో వర్తూరు దగ్గరి వైట్‌ఫీల్డ్‌లో సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి 2001 జనవరిలో మొదలైంది. గుండెకూ మెదడుకూ అక్కడ ఉచితంగా ఆపరేషన్లు చేస్తారు. అలాంటి పెద్ద ఆపరేషన్ ఎక్కడ జరిగినా చాలామంది ఐసీయూలో నోట్లో ఊపిరి గొట్టంతోనే కళ్లు తెరుస్తారు. అది తీశాక గొంతు దారి తెరుచుకునే ఉంటుందా అన్నది తీయకముందే అంచనా వేయాలి.

స్వరతంతువుల మధ్య గొట్టం రోజుల తరబడి ఒరుసుకుంటే వాపు వస్తుంది. గొట్టం ఉన్నంతసేపూ ఆ సంగతి బయటపడదు. తీశాక ఊపిరి పీల్చినప్పుడల్లా కీచుమని మోత రావచ్చు. దాన్నే స్ట్రైడార్ అంటారు. దారి సగానికి పైగా ఇరుకైందనడానికి అది గుర్తు. గొంతు బొంగురుపోవడం మామూలే కానీ, ఈ మోత వినిపిస్తే క్షణం ఆగకుండా నర్సుకు చెప్పాలి.

గొట్టం కింది కొస దగ్గర కఫ్ అనే గాలిబుడగ ఉంటుంది. దానిలో గాలి తీసేసినప్పుడు గొట్టం పక్కల నుంచి ఊపిరి లీకైతే శుభం, చుట్టూ చోటుందన్నమాట. 1996లో వచ్చిన ఒక అధ్యయనం శ్వాసకు 110 మిల్లీలీటర్ల లీకును హద్దుగా చూపింది.

గాలి నింపిన కఫ్ దారిని ఎంత గట్టిగా మూస్తుందో నిరూపించడానికి అమెరికా మత్తువైద్యుడు ఆర్థర్ గూడెల్ 1920లలో తన కుక్కకు మత్తిచ్చి, గొట్టం వేసి, నీళ్లతొట్టిలో ముంచాడు. ఊపిరితిత్తుల్లోకి నీరు పోలేదు. కుక్క క్షేమంగా లేచింది. దాని పేరే ‘ఎయిర్‌వే’!

కఫ్‌లో గాలి తీసినా లీకు లేనివాళ్లలోనూ చాలామంది గొట్టం తీశాక హాయిగా ఊపిరి పీలుస్తారు. బాగా లీకైనవాళ్లలో కొందరు ఇబ్బంది పడతారు. అందుకే 2017 అమెరికా మార్గదర్శకాలు ఈ లీకు పరీక్షను ముప్పు ఎక్కువున్నవాళ్లకు చేయమన్నాయి. అంటే గొట్టం ఆరు రోజులు దాటి ఉన్నవాళ్లు, అది వేసేటప్పుడు గొంతు దెబ్బతిన్నవాళ్లు, తమంతట తామే పీకేసుకుంటే మళ్లీ వేయించుకున్నవాళ్లు, స్వరపేటిక చిన్నదిగా ఉండే ఆడవాళ్లు.

అన్నిటికన్నా నాకు ముఖ్యమనిపించేది వాపు తగ్గించే మందిచ్చే వేళ. 2007లో ఫ్రాన్స్ వైద్యులు గొట్టం తీయడానికి 12 గంటల ముందు నుంచే మిథైల్‌ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చి చూశారు. మందు లేనివాళ్లలో 22 శాతం మందికి స్వరపేటిక వాచింది, మందు పడ్డవాళ్లలో 3 శాతానికే. లీకు లేదని తేలితే కనీసం 4 గంటల ముందైనా స్టెరాయిడ్ పడాలని 2017 మార్గదర్శకాల మాట. ఆఖరి నిమిషంలో ఇస్తే వాపు తగ్గే వ్యవధి ఉండదు.

కష్టమైన గొంతుల్లోంచి గొట్టం తీయడానికి మన దేశంలోనూ విడిగా మార్గదర్శకాలున్నాయి. ఆల్ ఇండియా డిఫికల్ట్ ఎయిర్‌వే అసోసియేషన్ వాటిని 2016లో ప్రచురించింది. అవసరమైన రోగికి గొట్టం తీసేటప్పుడు సన్నటి క్యాథటర్‌ను శ్వాసనాళంలోనే వదిలి ఉంచుతారు. మళ్లీ గొట్టం వేయాల్సి వస్తే, దారి వెతుక్కోకుండా దాని మీదుగానే లోపలికి జార్చవచ్చు.