మిషన్ ఇవ్వడంతోనే మన పని అయిపోదు

మా వీధిలో ఒక పెద్దావిడ ఉన్నారు. అందరం ఖాలాజాన్ అని పిలుస్తాం. ఒక శిబిరంలో ఆమెకు ఉచితంగా వినికిడి మిషన్ ఇచ్చారు. ఆరు నెలల తర్వాత పలకరించడానికి వెళితే, అది పెట్టెతో సహా బీరువాలో ఉంది. "పెట్టుకుంటే ఈల వేస్తుంది బేటా, తల పగిలిపోతుంది" అన్నారు. నిజానికి మిషన్ బాగానే ఉంది. దాన్ని పెట్టుకోవడం ఆమెకు ఎవరూ నేర్పలేదు.

ప్రపంచంలో దాదాపు 43 కోట్ల మందికి వినికిడి లోపానికి వైద్య సహాయం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మన దేశంలో పేదలకు 'ఆడిప్' పథకం కింద కేంద్ర ప్రభుత్వం 1981 నుంచి ఉపకరణాలు ఇస్తోంది. ఉస్మానియా విశ్వవిద్యాలయ వైస్ చాన్సలర్‌గా పనిచేసిన అలీ యావర్ జంగ్ పేరిట 1983లో ముంబైలో ఏర్పడిన జాతీయ వినికిడి సంస్థకు సికింద్రాబాద్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది. కాబట్టి మిషన్ దొరికే దారులు ఉన్నాయి. కొరత ఆ తర్వాతి సహాయానికే.

ముందు చెవి పరీక్ష తప్పనిసరి. చీము, నొప్పి, ఉన్నట్టుండి వినబడకపోవడం ఉంటే మొదట డాక్టరుకు చూపించాలి. పరీక్ష ప్రకారం మిషన్‌ను సరిచేసి ఇచ్చాక మన పని మొదలవుతుంది.

ఎరుపు గుర్తు కుడి చెవికి, నీలం గుర్తు ఎడమ చెవికి. బ్యాటరీ మీది స్టిక్కర్ తీసి, ఒకటి రెండు నిమిషాలు గాలి తగలనిచ్చి లోపల పెట్టాలి. స్టిక్కర్ తీసిన క్షణం నుంచే బ్యాటరీ తరగడం మొదలవుతుంది కనుక ముందుగా తీసి ఉంచకూడదు. అచ్చు చెవిలో సరిగా కూర్చున్నాకే ఆన్ చేసి, తక్కువ శబ్దంతో మొదలుపెట్టాలి. ఈల వస్తోందంటే చాలాసార్లు అచ్చు వదులుగా ఉందనో, చెవిలో గుబిలి ఉందనో అర్థం. రాత్రి బ్యాటరీ తలుపు తెరిచి ఉంచాలి.

వుజూకు ముందు మిషన్ తీసి పొడి డబ్బీలో పెట్టుకోవాలి. చెవులు తుడుచుకుని, తడి ఆరాకే మళ్ళీ పెట్టుకోవాలి. తడి దానికి శత్రువు.

మొదటి రోజే పెళ్ళి విందుకు పెట్టుకెళితే విసుగు పుడుతుంది. ఇంట్లో, నిశ్శబ్దంగా ఉన్న గదిలో, ఒక్కరితో మాట్లాడుతూ రోజుకు గంటో రెండు గంటలో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. మెదడు కొత్త శబ్దాలకు అలవాటు పడడానికి కొన్ని వారాలు పడుతుంది.

ఇన్నేళ్ళ బోధనలో నేను తెలుసుకున్నది ఒకటే: మనం చేసి చూపితే చాలదు, నేర్చుకునేవారి చేత చేయించాలి. ఖాలాజాన్ చేతికే బ్యాటరీ ఇచ్చి, పది సార్లు పెట్టించి, తీయించాను. మూడు వారాల్లో ఆవిడ ఎవరి సాయం లేకుండా పెట్టుకోవడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఫజ్ర్ అజాన్ మిషన్ పెట్టుకునే వింటున్నారు.

వినికిడి అల్లాహ్ ప్రసాదించిన అనుగ్రహమని ఖుర్ఆన్ పదేపదే గుర్తుచేస్తుంది. దాతలకు నా మనవి: మిషన్‌తో పాటు ఏడాదికి సరిపడా బ్యాటరీలకు, అచ్చు మార్పించడానికి, నెలకోసారి ఇంటికి వెళ్ళి నేర్పే ఒక మనిషి రానుపోను ఖర్చుకు కూడా కొంత కేటాయించండి. బీరువాలో పడి ఉన్న మిషన్‌తో ఎవరికీ మేలు జరగదు. చెవిలో ఉన్న మిషన్ ఆ మనిషిని మళ్ళీ ఇంటివారి మాటల్లోకి తెస్తుంది. మీ సదఖా అక్కడిదాకా చేరాలని నా దుఆ.