వేసవి సెలవులలో మా మేనకోడలు చేసిన పని

వేసవి సెలవులనగా ఆవకాయలు, అప్పడములు, పుట్టింటి ప్రయాణములు అని మనకందఱకు నలవాటు. గడచిన వేసవిలో మా ఆడుబిడ్డ కుమార్తె విశాఖపట్టణమునుండి మా పలివెలకు వచ్చి వేఱొక తీరున రెండు నెలలు గడపినది. ఆంధ్ర విశ్వవిద్యాలయమున సాంఘికసేవాశాస్త్రము చదువుచున్న ఆ పిల్ల, కోనసీమనుండి గల్ఫు దేశములకు ఇంటిపనులకై వెళ్ళు స్త్రీలనుగూర్చి పరిశోధన చేయుటకు వచ్చినది. సోదరీమణులు వినదగినదని తోచి ఆ వృత్తాంతము నిచట వ్రాయుచున్నాము.

మొదటి వారము దండుగయైనది. అచ్చువేసిన ప్రశ్నలు చేతబట్టి కాలువగట్టు వెంబడి ఇల్లిల్లు తిరుగగా, రేషనుకార్డులు కొట్టివేయ వచ్చిన సర్కారు మనిషి కాబోలునని తలచి అందఱును "బాగానే ఉన్నామమ్మా" అని చెప్పి పంపిరి. పిల్ల చిన్నబోయి కూర్చుండగా, "ఆ కాగితములు పెట్టెలో పెట్టి, చీపురు ఈనెలు తీయుట నేర్చుకొమ్ము" అని మేమంటిమి. మా వీథి చివర సాయంకాలమున పదిమంది స్త్రీలు కొబ్బరియాకులు ముందు వేసికొని ఈనెలు తీయుచుందురు. మూడవనాటికి మా పిల్ల బొటనవ్రేలు తెగినది. నాలుగవనాటికి మాటలు సాగినవి.

ఒకామె మస్కట్టులో ఆఱేండ్లు పనిచేసి స్లాబుయిల్లు కట్టినది. ఇద్దఱాడపిల్లల పెండ్లిండ్లు చేసినది. తన యజమానురాలు పండుగకు ఉంగరము పెట్టినదని చూపినది. మఱియొకామె పాస్‌పోర్టును కువైటులో దిగిన నాడే యజమాని పుచ్చుకొనెనట. రెండేండ్లకు తిరిగివచ్చు దినముననే దానిని మరల చూచినదట. ఆమె ఇల్లు చేరగా నాలుగేండ్ల కొడుకు నాయనమ్మ కొంగు చాటునకు పోయి, "ఎవరే ఆవిడ?" అని యడిగెను. ఇది చెప్పునప్పు డామె చేతిలోని పని ఆగలేదు. ఈనె తీయుచునే యున్నది.

వేసవి నడుమ, దుబాయిలో ఉద్యోగము చేయుచున్న మా మఱిది, మేనకోడలిని పదిదినములు తన యింటికి పిలిపించుకొనెను. అచటి యుద్యానములో ఒకనాటి సాయంకాలము పసిబిడ్డను త్రోపుడుబండిలో త్రిప్పుచున్న తెలుగు ఆయా యొకతె కనబడినది. ఏ యూరని యామె యడుగగా పలివెల యని మా పిల్ల చెప్పెను. "కొప్పులింగేశ్వరుడి ఊరా!" అని యామె రెండు చేతులు పట్టుకొనెను. ఆమెది కొత్తపేట దాపున పల్లెయే. జీతము మాట గాని కష్టము మాట గాని యెత్తలేదు. "కాలువలు కట్టేశారా? ఇంకా నీళ్ళున్నాయా?" అని మాత్ర మడిగెను. పిల్ల ఇంటికి వచ్చి ఆ రాత్రి వ్రాసిన పుట లన్నిటిలో ఈ మాట యొక్కటే మేలైనదని మా తలంపు.

చట్టములు లేకపోలేదు. కువైటు దేశము 2015లో గృహసేవకులకై శాసనము చేసి, వారమున కొకదినము విశ్రాంతి నియ్యవలెననియు, పాస్‌పోర్టు నుంచుకొనరాదనియు విధించినది. దుబాయి చేరియున్న ఎమిరేట్ల ప్రభుత్వము 2022లో అట్టి శాసనమునే చేసినది. ఇవి చదువుచు మా పిల్ల, "అత్తయ్యా, మన పనిమనిషికి వారానికో రోజు సెలవిస్తున్నావా?" అని యడిగినది. మేము మాటాడలేదు. చదువరులలో నెందఱు మాటాడగలరో!

జూను మాసములో తిరిగివచ్చి సాయంకాలములందు మా అరుగుమీద కూర్చుండి, ఎవరు కాగితములు తెచ్చినను చదివి చెప్పుచుండెను. పదవతరగతి కృతార్థులు కాని స్త్రీలు ఇంటిపనికై ఆ దేశములకు వెళ్ళవలెనన్న ముప్పది యేండ్లు నిండవలెను. 2016లో మన కేంద్రప్రభుత్వము, అట్టివారిని ప్రభుత్వము పేర్కొనిన సంస్థల ద్వారానే పంపవలెనని నియమము చేసెను. మన రాష్ట్రమునకు 2006లో స్థాపింపబడిన ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కంపెనీ యున్నది. ప్రవాసి భారతీయ బీమా యొకటి కలదు. 2017నాటి సవరణ ప్రకారము రెండేండ్లకు 275 రూపాయలు కట్టినచో, ప్రమాదవశమున మరణించినను, శాశ్వతముగ అవిటితనము వచ్చినను 10 లక్షలు ముట్టును. దళారి చేతిమీదుగా చూపరుల వీసాపై వెళ్ళినవారికి వీనిలో నేదియు దక్కదు.

మా పొరుగువీథి స్త్రీ యొకతె తన కాగితము తెచ్చినది. వయస్సు ఇరువదియెనిమిది. కొబ్బరిదింపు తీయు పెనిమిటి చెట్టుమీదనుండి పడి నడుము విఱిగి మంచమున నున్నాడు. ఇద్దఱు పిల్లలు. పాస్‌పోర్టు దళారియొద్ద నున్నది; ఆషాఢములో ప్రయాణము. మా పిల్ల చదివి, "ఇది పనికి వెళ్ళే వీసా కాదు, అరవై రోజులు ఊరు చూచి వచ్చే వీసా" అని చెప్పెను. ఆ స్త్రీ చాలసేపు ఊరకుండి, "వెళ్ళొద్దంటారు, సరే. ఆసుపత్రి అప్పు మీ చదువు తీరుస్తుందా, అమ్మాయిగారూ?" అని లేచిపోయినది.

ఆ రాత్రి పిల్ల అన్నము తినలేదు. మఱునాడు మా వారు బడిపని చూచుకొని ఆ స్త్రీతో దళారి యింటికి వెళ్ళిరి. మూడు మాఱులు తిరిగిన పిమ్మట పాస్‌పోర్టు చేతికి వచ్చినది. ముందిచ్చిన సొమ్ములో సగమే వచ్చినది. మా పిల్ల విశాఖకు వెళ్ళి తన వ్యాసమును సమర్పించినది. మంచి గుణములు వచ్చినవట.

అప్పు అట్లేయున్నది. ఆమె ఇపుడు రెండిండ్ల అంట్లు తోముచు, మధ్యాహ్నములందు ఈనెలు తీయుచున్నది. ఇంటనున్నచో మగడు తాకట్టు పెట్టునని పాస్‌పోర్టును మా బీరువాలో దాచుకొన్నది. పదిదినముల కొకసారి వచ్చి, "నా పుస్తకం ఉందా, అమ్మగారూ?" అని యడుగును. తీసి చూపుదుము. పుట తిప్పి తన బొమ్మ చూచుకొని, మరల మా చేతికిచ్చి వెళ్ళును.