తలకిందులుగా వేలాడే పురుగు

పూత మీద ఉన్న కంది చేనులో ఓపికగా వెతికితే ఒక్కొక్కసారి ఒక వింత కనబడుతుంది. కొమ్మ చివర ఒక పురుగు వెనుక కాళ్లతో పట్టుకుని తలకిందులుగా వేలాడుతూ ఉంటుంది. ఒళ్లు నల్లబడి మెత్తగా ఉంటుంది. పుల్లతో తాకితే చర్మం చిట్లి నీళ్లలా కారిపోతుంది. దానిని చంపినది మందు కాదు, ఒక వైరస్.

అది శనగపచ్చ పురుగు. పేరులో శనగ ఉన్నా పత్తి, కంది, మిరప, టమాట దేనినీ వదలదు. 1980 ప్రాంతంలో పైరెత్రాయిడ్లు అనే కొత్త మందులు వచ్చినప్పుడు దీని పని అయిపోయిందనుకున్నారు. కాని 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేలలో ఎన్నిసార్లు పిచికారీ చేసినా పురుగు చావలేదు. పంట పోయి అప్పు మిగిలింది. కొందరు రైతులు ప్రాణాలే తీసుకున్నారు.

ఎందుకిలా జరిగింది? ‘పురుగు మందుకు అలవాటు పడింది’ అని మీలో చాలామంది జవాబు పత్రాలలో రాస్తారు. అది సరికాదు. వేయి పురుగులలో ఏ రెండో మూడో పుట్టుకతోనే ఆ మందును తట్టుకోగలవనుకోండి. మందు మిగతావాటిని చంపి చేనంతా వీటికి అప్పగిస్తుంది. ఒక్కొక్క ఆడపురుగు వందలకొద్దీ గుడ్లు పెడుతుంది. నెల, నెలన్నరకు ఒక తరం. పైగా ఆ గుడ్లను తినే అక్షింతల పురుగులు కూడా అదే మందుకు చస్తాయి.

వైరస్ పద్ధతి వేరు. దీనిని ఎన్.పి.వి. అంటారు. వైరస్ కణాలు మాంసకృత్తుల గుళికలో దాగి ఆకు మీద ఉంటాయి. ఆకుతోపాటు పురుగు వాటిని మింగుతుంది. మన కడుపులో ఆమ్లం ఉంటే, పురుగు జీర్ణనాళంలో క్షారం ఉంటుంది. ఆ క్షారంలో గుళిక కరిగి, వైరస్ కణకేంద్రకాలలో చేరి కోట్లుగా పెరుగుతుంది. జబ్బుపడిన పురుగు చెట్టు పైకి ఎక్కి చస్తుంది. కారిన ద్రవం కింది ఆకుల మీద పడుతుంది. వాటిని తిన్న పురుగులకూ అదే గతి. మందు చల్లిన నాటినుంచి తరుగుతుంది. వైరస్ పురుగుతోపాటు పెరుగుతుంది. తేనెటీగలకు, పశువులకు, మనకు దీనివల్ల హాని లేదు.

అలాగని ఇది మంత్రదండం కాదు. పురుగు చావడానికి నాలుగు రోజులనుంచి వారం పడుతుంది, అందాకా తింటూనే ఉంటుంది. బాగా ఎదిగిన పురుగు ఒక పట్టాన చావదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు వైరస్ నశిస్తుంది. అందుకే సాయంత్రం పూట, బెల్లమూ బట్టలకు పెట్టే నీలిమందూ కలిపి చల్లుతారు. మరి వైరస్‌ను తట్టుకునే పురుగులు ఉండవా అని మీరు అడగవచ్చు. ఉంటాయి. 2005లో జర్మనీ ఆపిల్ తోటలలో, ఇలాంటి వైరస్‌నే ఏళ్ల తరబడి వాడిన చోట అటువంటివి బయటపడ్డాయి.

తయారీ మరో చిక్కు. వైరస్ బతికున్న పురుగులోనే పెరుగుతుంది కనుక ముందు పురుగులను పెంచాలి. నానబెట్టిన శనగలకు వైరస్ పట్టించి తినిపించి, చచ్చినవాటిని నూరి వడగడతారు. హెక్టారుకు సుమారు 250 పురుగులనుంచి వచ్చే ద్రావణం కావాలి. ఆ 250 పురుగులనూ ఒకే డబ్బాలో వేస్తే ఒకదానినొకటి తినేస్తాయి. ఒక్కొక్కదానికి ఒక్కొక్క గది కట్టవలసిందే!